చిట్టాలో దొంగరాత

వెబ్‌సైట్లకూ ఒక చిట్టా ఉంటుంది. ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, ఏమడిగారు... అన్నీ అందులో పడతాయి. దొంగ పట్టుబడేది ఆ చిట్టాతోనే. మరి అందులో రాసే కలమే దొంగ చేతికి చిక్కితే?

వికారాబాద్ నుంచి బీదర్ వైపు వెళ్లే ప్యాసింజరు సదాశివపేట రోడ్ స్టేషన్ దాటాక మర్పల్లిలో ఆగుతుంది. ఎక్కేవాళ్లు ఎక్కుతారు, దిగేవాళ్లు దిగుతారు, బండి కోహీర్ వైపు సాగిపోతుంది. ప్రయాణికులకు అంతే కనిపిస్తుంది. స్టేషన్ మాస్టర్లకు మాత్రం అది రాతకోతల వ్యవహారం. పక్క స్టేషన్ లైన్ క్లియర్ ఇచ్చిందెప్పుడు, బండి వచ్చిందెప్పుడు, వదిలిందెప్పుడు... అన్నీ గంటలూ నిమిషాలతో సహా రైలు సిగ్నల్ రిజిస్టరులోకి ఎక్కాలి. రైల్వేలో ఆ పుస్తకానికి ఓ కట్టుబాటు ఉంది. తప్పు రాస్తే చెరపకూడదు. పాత అంకె చదవడానికి వీలుగానే దాని మీద ఒక గీత కొట్టి, పైన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టాలి. ఫోన్లో అవతలి మాస్టరు చెప్పిన మాట నిజంగా ఆయన చెప్పిందేనని రూఢి కావడానికి ఇద్దరి మధ్యా ఓ 'ప్రైవేటు నంబరు' నడుస్తుంది. రేపు జరగరానిది ఏదైనా జరిగితే అధికారులు ముందుగా అడిగే పుస్తకాల్లో అదొకటి మరి!

ఇక రెండో పుస్తకం పహాణీ. కాగితం పహాణీల రోజుల సంగతి పల్లెల్లో పెద్దవాళ్లను కదిపితే కథలు కథలుగా చెబుతారు. ఖాళీగా వదిలేసిన వరసలో ఎవరో ఒక పేరు ఇరికిస్తారు. కాస్తు కాలమ్‌లో కొత్త మనిషి పుట్టుకొస్తాడు. ఆ రాత ఎవరిదో, ఎప్పటిదో తేలదు. పదేళ్లకు అది కోర్టు మెట్లెక్కుతుంది.

మొదటి పుస్తకంలో బయటి చెయ్యి పడకుండా ఏర్పాట్లున్నాయి. రెండోదాంట్లో సందు దొరికింది. వెబ్‌సైట్లు కూడా అచ్చంగా ఇలాంటి పుస్తకమే నిర్వహిస్తాయి. కంప్యూటర్ భాషలో దాని పేరు 'లాగ్'. మన భాషలో చిట్టా అనుకోవచ్చు. అందులో బయటివాడు తనకు కావలసిన రాత రాయించగలిగితే, దాన్ని 'లాగ్ ఇంజెక్షన్' అంటారు. సూదిమందు ఎక్కించినట్టు చిట్టాలోకి విషం ఎక్కించడం అన్నమాట.

ట్రాక్టరు ఒకరిది... తగిలింపులు మరొకరివి

మర్పల్లిలాంటి ఓ మండల కేంద్రంలో జూనియర్ కాలేజీ ఉందనుకుందాం. అడ్మిషన్ల వేళకి ఓ వెబ్‌సైటు ఉంటే బాగుంటుందని యాజమాన్యానికి అనిపించింది. తెలిసిన కుర్రాడు వారం రోజుల్లో చేసిపెట్టాడు. అతను దాన్ని మొదటి అక్షరం నుంచీ రాయలేదు. ఆ అవసరం కూడా లేదు. వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెచ్చి పెట్టాడు. 2003 మే నెలలో మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ మీద ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా నడుస్తున్నాయి.

వర్డ్‌ప్రెస్‌ను ట్రాక్టరు అనుకుంటే ప్లగిన్లు దానికి తగిలించే పనిముట్లు. దున్నాలంటే కల్టివేటరు, దమ్ము చేయాలంటే రోటవేటరు, కంది బస్తాలు తోలాలంటే ట్రాలీ. ఇంజను ఒకటే, వెనక తగిలించేవి మారుతుంటాయి. ట్రాక్టరు ఒక కంపెనీది, ట్రాలీ ఏ ఊరి వెల్డింగ్ షాపులోనో చేయించింది కావచ్చు. ఇక్కడా అంతే. దరఖాస్తు ఫారానికి ఒక ప్లగిన్, ఫొటోలకు ఒకటి, ఎంతమంది చూశారో లెక్కపెట్టడానికి ఒకటి, దొంగ లాగిన్లను ఆపడానికి ఒకటి... వర్డ్‌ప్రెస్ ఉచిత గోదాములో ఇలాంటివి యాభై వేలకు పైనే ఉన్నాయి. కొన్నిటి వెనక పెద్ద కంపెనీలుంటాయి. కొన్నిటిని ఒక్కడే మనిషి, ఉద్యోగం అయ్యాక రాత్రిపూట కూర్చుని రాస్తాడు.

వీటిలో చాలా ప్లగిన్లు తమ సొంత చిట్టా రాసుకుంటాయి. ఫలానా చిరునామా నుంచి ఒకరొచ్చారు. ఫలానా పేరుతో లాగిన్ కాబోయి పాస్‌వర్డ్ తప్పు కొట్టారు. లేని పేజీ అడిగారు. ఫలానా బ్రౌజరు వాడారు. ఇందులో ఒక్క విషయం పట్టుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది. ఈ వివరాల్లో చాలావాటిని చెప్పేది వచ్చినవాడే! లాడ్జి రిజిస్టరులో పేరు, ఊరు బస చేసేవాడే చెప్పినట్టు. గుమాస్తా రాసుకుంటాడు, అంతే. అతను చెప్పింది నిజమో కాదో ఆ నిమిషాన తేలదు. అబద్ధం చెబితే పోనీ అనుకోవచ్చు. చెప్పిన మాటే ఒక ఆజ్ఞ అయి కూర్చుంటే?

ఎంటర్ కొడితే చాలు!

లాగ్ ఇంజెక్షన్లలో అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా సులువైనది ఒకటుంది. దానికి పెద్ద చదువు అక్కర్లేదు.

కాలేజీ వెబ్‌సైటు చిట్టాలో ఒక వరస ఇలా ఉంటుందనుకోండి: 'ఉదయం 10.14 - లాగిన్ విఫలం - పేరు: రాము.' ఇందులో 'రాము' అన్నది బయటివాడు కొట్టిన ముక్క. మిగతాది ప్లగిన్ రాసింది. ఇప్పుడు ఆ పెద్దమనిషి పేరు గడిలో 'రాము' అని కొట్టి, ఎంటర్ నొక్కినట్టు ఒక గుర్తు పెట్టి, ఆ తరవాత 'ఉదయం 10.15 - లాగిన్ విజయం - పేరు: ప్రిన్సిపల్' అని కూడా కొట్టాడు. ప్లగిన్ అమాయకంగా మొత్తం రాసేసింది. తెల్లారి చూసేవాళ్లకు చిట్టాలో రెండు వరసలు కనిపిస్తాయి. రెండోది కంప్యూటర్ రాసింది కాదని ఎవరు చెప్పగలరు? ప్రిన్సిపల్ ఆ నిమిషాన లోపలికి వచ్చినట్టే లెక్క.

ఈ కొత్త వరస గుర్తులు టైపు మిషన్ల కాలం నాటివి. వికారాబాద్, తాండూరు లాంటి పట్టణాల్లో టైపు ఇనిస్టిట్యూట్లకు వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వరస చివర గంట మోగగానే ఎడమచేత్తో లీవరు తోస్తే క్యారేజీ మొదటికొచ్చేది, కాగితం ఒక మెట్టు పైకి జరిగేది. ఒక్క తోపుకు రెండు పనులు. కంప్యూటర్లు వచ్చాక ఆ రెండు పనులకూ రెండు అంకెలు కేటాయించారు... 13, 10. మిషన్లు మూలకెళ్లాయి. ఆ అంకెలు మాత్రం ఇప్పటికీ ప్రతి కంప్యూటర్‌లోనూ బతికే ఉన్నాయి. దొంగరాతగాడికి కావలసింది ఆ రెండే. ప్రపంచవ్యాప్తంగా సాఫ్ట్‌వేర్ లోపాలకు వరస నంబర్లిచ్చే పట్టికలో దీని సంఖ్య 117.

'ఒక వరస ఎక్కువ రాస్తే ఏం మునిగింది?' అనిపించవచ్చు. మార్కుల జాబితా మారిందనో, ఫీజు డబ్బు దారి తప్పిందనో గొడవ వచ్చిందనుకోండి. పోలీసులు మొదట అడిగేది చిట్టానే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టుకు వెళ్లాలంటే ధ్రువపత్రం జతచేయాలి. అందులో 'హ్యాష్ విలువ' కూడా రాయాలి. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. బాగానే ఉంది. కానీ ఆ ముద్ర చెప్పేది ఒక్కటే... ఫైలును స్వాధీనం చేసుకున్నాక ఎవరూ ముట్టుకోలేదని. అంతకు ముందే బయటివాడు తన వరసను ప్లగిన్ చేతే రాయించి ఉంటే? అబద్ధానికి కూడా వేలిముద్ర భేషుగ్గా పడుతుంది. ఏ పాపం తెలియని గుమాస్తా పేరు అలా ఎక్కితే 'నేను కాదు మొర్రో' అని నిరూపించుకోవడం ఆషామాషీ కాదు.

కాపలాదారు పుస్తకంలోనే కన్నం

2020 అక్టోబరు. లాగినైజర్ అని ఓ ప్లగిన్. దాని పనే కాపలా. ఎవరైనా పదేపదే తప్పుడు పాస్‌వర్డులు కొడుతుంటే గుర్తుపట్టి, తలుపు మూసేస్తుంది. అప్పటికి పది లక్షలకు పైగా వెబ్‌సైట్లు దాన్ని నమ్ముకుని ఉన్నాయి.

గుర్తుపట్టాలంటే రాసుకోవాలి కదా! లాగిన్ విఫలమైన ప్రతిసారీ అవతలివాడు కొట్టిన పేరును ఈ ప్లగిన్ తన పట్టికలోకి ఎక్కిస్తుంది. స్లావ్‌కో మిహాయ్‌లోస్కీ అనే పరిశోధకుడు సరిగ్గా అక్కడ వేలు పెట్టాడు. ఆ పేరును పట్టికలోకి పంపేటప్పుడు సరిగా శుభ్రం చేయడం లేదని కనిపెట్టాడు.

డేటాబేసుతో మాట్లాడే భాషలో పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి పంపుతారు. గుర్తుల లోపలున్నది పేరు, బయటున్నది ఆజ్ఞ. వచ్చినవాడు తన 'పేరు'లోనే ఒక కొటేషన్ గుర్తు కొడితే? పేరు అక్కడితో అయిపోయిందని డేటాబేసు అనుకుంటుంది. ఆ తరవాతి అక్షరాలన్నీ ఆజ్ఞలుగా చెల్లుతాయి. అంటే లోపలికి వెళ్లడానికి సరైన పేరూ అక్కర్లేదు, పాస్‌వర్డూ అక్కర్లేదు. లాగిన్ 'విఫలం' కావడమే కావాలి! వాచ్‌మన్ 'దొంగొచ్చాడు' అని పుస్తకంలో రాస్తుంటే, ఆ రాతే ఇంటి తాళం తీసినట్టు.

ఇది ఎంత పెద్ద ముప్పో అర్థమయ్యాక వర్డ్‌ప్రెస్ సంస్థ అరుదుగా వాడే ఆయుధం తీసింది. యజమానుల అనుమతితో నిమిత్తం లేకుండా, లోపం సరిచేసిన 1.6.4 వెర్షన్‌ను సైట్లలోకి తానే పంపించేసింది. 2013లో వచ్చిన 3.7 వెర్షన్ నుంచీ దానికి ఈ వీలుంది. 'మమ్మల్ని అడగకుండా మా ఇంట్లో చెయ్యి పెడతారా' అని కొందరు నొచ్చుకున్నారు. నొచ్చుకోవడంలో తప్పులేదు గానీ, అడుగుతూ కూర్చుంటే ఎన్ని లక్షల సైట్ల యజమానులు జవాబిచ్చేవారన్నది వేరే సంగతి.

చదివినవాడికే దెబ్బ

లాగినైజర్‌లో దెబ్బ రాసేటప్పుడు పడుతుంది. చదివేటప్పుడు పడే దెబ్బ ఇంకా విచిత్రమైంది. విషం పూసిన పుట తిప్పినవాడే పోయే పాత జానపద కథల్లాగా.

బ్రౌజరుకు ఒక అలవాటు ఉంది. కోణాల బ్రాకెట్ల మధ్య ఏదైనా కనబడితే అది చదివే మాట కాదు, చేయాల్సిన పని అనుకుంటుంది. అందులో 'స్క్రిప్ట్' అని ఉంటే దాన్ని నడిపించేస్తుంది. ఇప్పుడు చిట్టాలోని ఒక వరసలో అలాంటి స్క్రిప్టు ఉండిపోయింది. అది అక్కడ వారం ఉన్నా, నెల ఉన్నా ఏమీ చేయదు. విత్తనంలా పడి ఉంటుంది. ఏదో ఒక రోజు యజమాని 'చూద్దాం, ఎంతమంది వచ్చారో' అని తన పాస్‌వర్డ్‌తో లోపలికొచ్చి చిట్టా పేజీ తెరుస్తాడు. అంతే! స్క్రిప్టు ఆయన బ్రౌజరులో, ఆయన అధికారాలన్నిటితో నడుస్తుంది. కొత్త అడ్మినిస్ట్రేటర్ ఖాతా తెరువమంటే తెరుస్తుంది. ఆ ఆజ్ఞ యజమానే ఇచ్చాడని సైటు నమ్ముతుంది.

2019 మే నెలలో స్లిమ్‌స్టాట్ అనే ప్లగిన్‌లో ఇదే బయటపడింది. సందర్శకుల లెక్కలు రాసే ఆ ప్లగిన్ లక్షకు పైగా సైట్లలో ఉండేది. వచ్చినవాళ్ల బ్రౌజరులో ఏయే హంగులున్నాయో కూడా నమోదు చేసుకునేది. ఆ హంగుల జాబితా పంపేది ఎవరు? వచ్చినవాళ్ల బ్రౌజరే. జాబితాకు బదులు స్క్రిప్టు పంపితే అది నేరుగా యజమాని తెరిచే సందర్శకుల చిట్టాలో తేలేది. సుకురి అనే భద్రతా సంస్థ కనిపెట్టి చెప్పాక 4.8.1 వెర్షన్‌లో సరిచేశారు.

పాఠం నేర్చుకున్నారా అంటే, అయిదేళ్లకు మళ్లీ అదే కథ. ఈసారి రెండు ప్లగిన్లలో. మొదటిది డబ్ల్యూపీ మెటా ఎస్‌ఈఓ. ఎవరైనా సైటులో లేని పేజీ అడిగితే '404' అని జవాబొస్తుంది కదా, అలాంటి వాటిని ఇది రాసి పెట్టుకుంటుంది. ఏ పేజీ నుంచి వచ్చి ఈ లేని పేజీని అడిగారన్నది కూడా రాస్తుంది. 'ఎక్కడి నుంచి వస్తున్నావ్' అన్న ప్రశ్నకు జవాబు మళ్లీ వచ్చినవాడి నోటి మాటే! ఊరి పేరు చెప్పాల్సిన చోట స్క్రిప్టు చెప్పాడు. అది చిట్టాలో కూర్చుంది. పోలండ్ జాతీయ సైబర్ భద్రతా బృందానికి చెందిన క్షిష్తోఫ్ జయాంట్స్ దీన్ని పట్టుకున్నాడు. రెండోది డబ్ల్యూపీ స్టాటిస్టిక్స్. ఆరు లక్షలకు పైగా సైట్లలో ఉన్న లెక్కల ప్లగిన్. పేజీ చిరునామా చివర తగిలించే వెతుకుడు మాటల్లో స్క్రిప్టు పెడితే అది పట్టికలోకి వెళ్లిపోయేది. దాన్ని టిమ్ కోయన్ అనే పరిశోధకుడు కనిపెట్టాడు.

2024 మేలో ఫాస్ట్‌లీ సంస్థ ఇచ్చిన నివేదిక చూస్తే ఇవి కాగితం మీది భయాలు కావని తెలుస్తుంది. ఈ రెండు ప్లగిన్లలోని లోపాలనూ, లైట్‌స్పీడ్ క్యాష్ అనే మరో ప్లగిన్‌లోని ఇలాంటి లోపాన్నీ దొంగలు అప్పటికే వాడేస్తున్నారు. వాళ్ల స్క్రిప్టు చేసే పనులు చూడండి. ఒక కొత్త అడ్మినిస్ట్రేటర్ ఖాతా తెరవడం, ప్లగిన్ల ఫైళ్లలో దొడ్డిదారి పెట్టడం, ఏ సైటు చిక్కిందో తమకు కబురు చేరేలా ఒక ముక్క వదలడం. అన్నీ యజమాని కళ్లముందే, ఆయన సొంత లాగిన్‌తోనే.

కాలేజీ వెబ్‌సైటు మీద ఎవడికి కన్నుంటుంది అనుకోవడం సహజం. దొంగకు కాలేజీ అక్కర్లేదు. ఎవడో కూర్చుని మర్పల్లిని ఏరుకోడు. ఒక ప్రోగ్రాము దొరికిన ప్రతి సైటు తలుపూ తట్టుకుంటూ పోతుంది, తెరుచుకున్నదాంట్లోకి దూరుతుంది. దొరికిన సైటుతో ఏం చేయాలన్నది తరవాత ఆలోచిస్తారు. జూదం ప్రకటనలు పెడతారు, దొంగ బ్యాంకు పేజీలు దాస్తారు. వాటికి చిరునామాగా మాత్రం కాలేజీ పేరుంటుంది. ఫారాలు నింపిన పిల్లల తండ్రుల ఫోన్ నంబర్లు ఎలాగూ అందులోనే ఉంటాయి.

ఎక్సెల్‌లో పడే పిడుగు

తాండూరు నాపరాళ్ల వ్యాపారి ఒకాయన వెబ్‌సైటులో 'రేట్ల కోసం అడగండి' అని ఫారం పెట్టాడనుకోండి. నెలాఖరుకి ఆ వివరాలన్నీ ఎక్సెల్‌లోకి దించుకుంటాడు. పేరు గడిలో ఎవరో సమానం గుర్తుతో మొదలుపెట్టి ఏదో రాశారు. ఎక్సెల్‌కి సమానం గుర్తు కనబడితే అది పేరు కాదు, సూత్రం. లెక్క కట్టబోతుంది. ఆ సూత్రం చేత బయటి సైటుకు లింకు వేయించవచ్చు, పక్క గడుల్లోని వివరాలను ఆ లింకులోకి ఎక్కించవచ్చు. ఎక్సెల్ హెచ్చరిక చూపిస్తుంది నిజమే. నెలాఖరు హడావుడిలో హెచ్చరికలు చదివేవాళ్లెందరు? మంచి ప్లగిన్లు అలాంటి గడికి ముందు ఒక సింగిల్ కొటేషన్ గుర్తు తగిలించి పంపుతాయి. దాంతో సమానం గుర్తు నోరు మూసుకుంటుంది.

మాట అంటే చాలు... తలుపులు తెరుచుకున్నాయ్

ఈ జాతి లోపాలన్నిటికీ పెద్దన్న వెబ్‌సైటు ప్లగిన్ కాదు. లాగ్‌ఫోర్‌జే. జావా భాషలో రాసే ప్రోగ్రాములకు చిట్టా రాసిపెట్టే ఉచిత సాధనం. అపాచీ సంస్థ నీడన కొద్దిమంది వలంటీర్లు నడిపేది. బ్యాంకుల నుంచి ఆటల దాకా ఎక్కడ చూసినా అదే.

2013లో దానికో సౌకర్యం తగిలించారు. చిట్టాలో రాయాల్సిన మాటలో డాలరు గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్లు, వాటి మధ్య ఒక చిరునామా ఉంటే, దాన్ని ఊరికే రాయకుండా ఆ చిరునామాకు వెళ్లి అక్కడున్నది తెచ్చుకుంటుంది. తమాషా ఏమిటంటే ఆ సౌకర్యం కూడా లాగ్‌ఫోర్‌జే లోపల ఒక ప్లగిన్‌గానే తయారైంది! ఎనిమిదేళ్లు ఎవరికీ అనుమానం రాలేదు. 2021 నవంబరు 24న అలీబాబా క్లౌడ్ భద్రతా విభాగానికి చెందిన చెన్ ఝావోజున్ 'ఇది ప్రమాదం' అని అపాచీకి రహస్యంగా రాశాడు. డిసెంబరు 10 నాటికి లోకానికి పొక్కిపోయింది. మైన్‌క్రాఫ్ట్ అనే ఆటలో పిల్లలు కబుర్లు చెప్పుకునే గడిలో ఆ ఒక్క వాక్యం కొడితే చాలు, ఆట నడిపే సర్వరు చేతికొచ్చేస్తుంది. ఎందుకంటే ఆ కబుర్లు చిట్టాలోకి వెళతాయి, చిట్టా రాసేది లాగ్‌ఫోర్‌జే. ప్రమాద తీవ్రతకు వేసే మార్కుల్లో దీనికి పదికి పది పడ్డాయి.

అది శుక్రవారం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్న ఇళ్లలో ఆ శని, ఆదివారాలు గుర్తుండే ఉంటాయి. మన దేశంలో సైబర్ అత్యవసరాలు చూసే సెర్ట్-ఇన్ సంస్థ కూడా హెచ్చరిక జారీచేసింది. ఒక మరమ్మతు సరిపోలేదు. 2.15 వచ్చింది, చాలక 2.16, అదీ చాలక 2.17. ఆ నెలలోనే బెల్జియం రక్షణ శాఖ నెట్‌వర్క్‌కు దీనివల్ల దెబ్బ తగిలింది. ఆ మర్నాటి ఏడాది జులైలో అమెరికా ప్రభుత్వ సమీక్షా మండలి, ఈ లోపం అక్కడక్కడా పదేళ్లో, ఇంకా ఎక్కువో మిగిలే ఉంటుందని తేల్చింది.

దీనికి వరసకు తమ్ముడయ్యే సంగతి ఇంకొకటుంది. అందులో చిట్టాలోకి ఎవరూ ఏమీ ఎక్కించరు. చిట్టానే వీధిలో పెట్టేస్తారు. 2020 డిసెంబరులో ఈజీ డబ్ల్యూపీ ఎస్‌ఎంటీపీ అనే ఈమెయిల్ ప్లగిన్ తాను పంపిన ప్రతి ఉత్తరాన్నీ ఎవరైనా తెరవగల ఫైలులో రాసిపెట్టింది. దొంగలు 'పాస్‌వర్డ్ మరిచిపోయాను' అని నొక్కేవారు. కొత్త పాస్‌వర్డు లింకు యజమానికి మెయిల్‌లో వెళ్లేది, నకలు చిట్టాలో పడేది. అక్కణ్నుంచి చదువుకునేవారు. 2024 సెప్టెంబరులో లైట్‌స్పీడ్ క్యాష్ చిట్టాలో లాగిన్ కుకీలే దొరికాయి. ఆ ప్లగిన్ వాళ్లు చిట్టాను వేరే ఫోల్డరుకు మార్చి, ఫైలుకు ఊహించలేని పేరు పెట్టి, కుకీలు రాయడమే మానేశారు.

'మాత్రమే' అన్న మాట

ప్రాంసరీ నోటు రాసేవాళ్లు అంకె వేసి ఊరుకోరు. 'అక్షరాలా పది వేల రూపాయలు మాత్రమే' అని రాస్తారు. ఆ 'మాత్రమే' లేకపోతే వెనకాల ఏదైనా చేర్చవచ్చు. ప్రోగ్రామర్లు చేయాల్సిందీ అదే. బయటివాడి మాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో చిట్టాకు తెలియాలి. కొత్త వరస గుర్తు వస్తే దాన్ని కనబడే గుర్తుగా మార్చి రాయాలి. డేటాబేసుకు పంపేటప్పుడు పేరును ఆజ్ఞలో కలిపేయకుండా విడిగా, అచ్చు ఫారంలో గడి నింపినట్టు పంపాలి. వర్డ్‌ప్రెస్‌లో దానికి తయారుగా ఏర్పాటుంది. తెర మీద చూపించేటప్పుడు కోణపు బ్రాకెట్‌ను ఆంపర్‌శాండ్, ఎల్, టీ, సెమికోలన్ అన్న నాలుగు గుర్తులుగా మార్చాలి. అప్పుడు బ్రౌజరు దాన్ని బొమ్మగా చూపిస్తుందే తప్ప పని చేయదు. రాసేటప్పుడు శుభ్రం చేశాం కదా, చూపించేటప్పుడు ఎందుకు అనుకోకూడదు. పై ప్లగిన్లలో చాలావాటి కొంప ముంచింది ఆ బద్ధకమే.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక తంటా ఉంది. కొందరు ప్రోగ్రామర్లు శుభ్రత పేరుతో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు తప్ప మిగతా అన్నిటినీ ఊడ్చేస్తారు. 'రామకృష్ణ' అని తెలుగులో కొడితే చిట్టాలో ఖాళీ గడో, ప్రశ్నార్థకాల బారో మిగులుతుంది. పోనీ తెలుగును ఉంచి, కంటికి కనిపించని గుర్తులను మాత్రం తీసేద్దామంటే, 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట, వ కలిసి ఒత్తయిపోకుండా ఆపేది అలాంటి ఒక కనిపించని గుర్తే. అది పోతే మాట రూపం చెడుతుంది. మరోవైపు, అక్షరాలను కుడి నుంచి ఎడమకు తిప్పే కనిపించని గుర్తులతో చిట్టాలో పేర్లను తారుమారుగా చూపించడం దొంగలకు తెలిసిన విద్య. కాబట్టి ఏది ఉంచాలో ఏది తీయాలో తెలుగు తెలిసినవాడు కూర్చుని తేల్చాల్సిన పని. విదేశీ ప్లగిన్ రచయిత నుంచి అది ఆశించలేం. మనవాళ్లు రాసేవాటిలోనైనా చూసుకోవాలి.

ఇన్ని తలనొప్పులుంటే చిట్టానే ఆపేస్తే పోలేదా? పోదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు, సర్వీసు ఇచ్చేవాళ్లు తమ చిట్టాలను 180 రోజుల పాటు భద్రంగా ఉంచాలి. దాడి జరిగిందని తెలిశాక 6 గంటల్లో కబురు చేయాలి. చిట్టా లేనివాడికి దాడి జరిగిన సంగతే తెలీదు. ఉన్నంతలో మంచి పద్ధతి, నకలు ఒకటి వెంటవెంటనే వేరే కంప్యూటరుకు వెళ్లేలా పెట్టుకోవడం. అక్కడ రాయడమే తప్ప చెరపడం కుదరకూడదు. లోపలికి దూరినవాడు ముందుగా చెరిపేది తన అడుగుజాడలనే.

సైటు యజమానులకు ఈ కోడ్ గొడవ అక్కర్లేదు గానీ కొన్ని పనులు వాళ్లు తప్ప ఎవరూ చేయలేరు. అడ్మిన్ పేజీలో 'యూజర్లు' అన్న చోట తెలియని అడ్మినిస్ట్రేటర్ ఎవరైనా ఉన్నాడేమో చూడటానికి నిమిషం చాలు. వాడని ప్లగిన్‌ను ఆపితే సరిపోదు, తీసేయాలి. ఆపినా దాని ఫైళ్లు సర్వరులోనే ఉంటాయి. చివరి మరమ్మతు వచ్చి రెండేళ్లు దాటిన ప్లగిన్‌ను నమ్మకపోవడం మేలు. అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టుకోవచ్చు. ఒకవేళ అప్పటికే దొంగ వచ్చి వెళ్లి ఉంటే, అప్‌డేట్ కన్నాన్ని పూడుస్తుందే గానీ లోపల ఉన్నవాణ్ని బయటికి పంపదు. వాడు తెరిచిన ఖాతా, వాడు పెట్టిన దొడ్డిదారి అలాగే ఉంటాయి. వాటిని వెతికి తీయాలి, పాస్‌వర్డులన్నీ మార్చాలి.

వీటన్నిటికీ ముందు అడ్మిన్ పాస్‌వర్డు కావాలి. చిన్న కాలేజీలు, దుకాణాల సైట్లలో చాలాసార్లు చిక్కొచ్చేది అక్కడే. సైటు చేసిపెట్టిన కుర్రాడు ఉద్యోగం వచ్చి ఊరు వదిలి వెళ్లి ఉంటాడు. పాస్‌వర్డు అతని దగ్గరే ఉండిపోయి ఉంటుంది. ముందు అతని ఫోన్ నంబరు పట్టుకోవాలి.